చెవికి 4 స్టార్లు, నోటికి 1: ద్వారకానగర్‌లో బ్రిటిష్ యాస కోర్సు

యూకే నర్సింగ్ ఆఫర్ చేతిలో పెట్టుకుని, ఉత్తర ఇంగ్లండ్‌లో ఉన్న లీడ్స్‌కో, హల్‌కో, న్యూకాసిల్‌కో, సండర్లాండ్‌కో టికెట్ కోసం ఎదురుచూస్తున్న సిస్టర్లూ బ్రదర్లూ, ఇది మీకోసం. లండన్ వెళ్లేవాళ్లకి ఇందులో సగమే పనికొస్తుంది. ఓఈటీ, అంటే వైద్య రంగం వాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష, ఇంకా అవ్వనివాళ్లు ముందు దాని సంగతి చూసుకోండి. రైటింగ్‌లో 300, మిగతా మూడింటిలో 350 వస్తే అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి సరిపోతుంది. దానికీ ఈ కోర్సుకీ సంబంధం లేదు, కౌంటర్ దగ్గర ఉందని ఎంత చెప్పినా సరే.

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయట్లేదు. తిట్టేవీ ఉన్నాయి, మెచ్చుకునేవీ ఉన్నాయి. పేరు పెడితే మర్నాటికల్లా ఫోన్ చేసి తీసెయ్యమంటారు. ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచిపోయేంత దూరంలో, ఓ బిల్డింగ్ మూడో అంతస్తులో ఉంది. మెట్ల దగ్గర్నుంచీ గోడలకి లండన్ గడియారం, ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు, టోపీ పెట్టుకున్న రాజభటుడు. కింద టీ కొట్టు బాగుంటుంది. బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు, సిటీ బస్సులో వెళ్లడమే నయం.

నాది టెక్కలి దగ్గర పల్లెటూరు. వైజాగ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేస్తున్నాను. ఆఫర్ వచ్చింది సండర్లాండ్ వైపు నుంచి. వీడియో ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు మాట్లాడింది చక్కగా అర్థమైంది. మూడో ఆవిడ వార్డు మేనేజర్. ఆవిడ నోరు విప్పితే రాగం వినబడింది గాని మాటలు విడివిడిగా దొరకలేదు. మొదటి ఇద్దరూ ఆఫీసు మనుషులు. రేపు రోజూ డ్యూటీ చెయ్యాల్సింది ఆ మూడో ఆవిడతోనే. అందుకే ఈ కోర్సులో చేరాను.

ఫీజు 18 వేలు, రెండు వాయిదాలు. కోర్సు రెండు ముక్కలు. వారం మధ్యలో సాయంత్రాలు 'యాస సవరణ' అని ఒకటి, మన మేడమ్ చెప్తారు. శని, ఆదివారాలు 'నార్త్ లిజనింగ్' అని ఇంకొకటి, సండర్లాండ్‌లో పుట్టి పెరిగిన ఒక సర్ తన ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చెప్తారు. మనం ఇక్కడ క్లాసులో పెద్ద టీవీ ముందు కూర్చోవాలి. ఈ రెండూ ఒకే గదిలో, ఒకే ఫీజులో, ఒకే బోర్డు కింద జరుగుతాయి గాని ఒకదాని మొహం ఒకటి చూడవు.

ముందు మొదటి ముక్క. మేడమ్ కాల్ సెంటర్లలో చాలా ఏళ్లు ట్రైనింగ్ ఇచ్చి వచ్చినవారు. టైముకి వస్తారు, విసుక్కోరు. నా కంప్లైంట్ ఆవిడ మీద కాదు, ఆవిడ చేతిలో పెట్టిన సిలబస్ మీద. అందులో మాటమాటకీ వినబడేది ఎంటీఐ. అంటే మాతృభాష ప్రభావం. క్లాసులో మాత్రం దాన్ని జ్వరం చూసినట్టు చూస్తారు: నీకు ఎంతుంది, ఆవిడకి ఎంతుంది, తగ్గిందా లేదా. నా వంతు వచ్చినప్పుడు, "మీది శ్రీకాకుళం కదమ్మా, వాక్యం చివర సాగుతోంది, అది కట్ చెయ్యాలి" అన్నారు. నేను ఇంగ్లీషులోనే మాట్లాడాను అప్పుడు.

పళ్ల మధ్య పెన్సిల్ పెట్టుకుని 'బాత్', 'గ్రాస్', 'లాఫ్' అని 'ఆ' ని సాగదీసి చెప్పించారు. (ఈ సాగదీత మంచిదన్నమాట.) 'ఫేస్' అనకూడదు, 'ఫెయిస్' అనాలి. 'గో' అనకూడదు, 'గౌ' అనాలి. 'హోమ్' కాదు, 'హౌమ్'. మా బ్యాచ్ మొత్తం మూతులు తిప్పుకుంటూ ఆ వారమంతా ఇదే పని. ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో కూడా ఖాళీ దొరికితే ఫెయిస్, ఫెయిస్ అనుకున్నాను. పక్క బెడ్ అటెండెంట్ నాకేదో అయిందనుకున్నాడు.

శనివారం టీవీలో సర్ ప్రత్యక్షమయ్యారు. మొదటి క్లాసులోనే, మేము వారమంతా పెన్సిల్ కొరుక్కుని నేర్చుకున్నది ఆయన ఊళ్లో ఎవరూ అనరని తేలిపోయింది. అక్కడ 'బత్', 'గ్రస్', 'లఫ్'. అన్నీ పొట్టి. 'కప్' కాదు, 'కుప్'. 'లవ్' కాదు, 'లువ్'. 'బస్' అయితే అచ్చం పాము బుసే. ఇక లీడ్స్ ఉన్న యార్క్‌షైర్, దాని పక్కనున్న లాంకషైర్ జిల్లాల పాత తరం వాళ్లు 'ఫేస్', 'గో', 'హోమ్' అని ఏ వంకరా లేకుండా సూటిగా అంటారట, మనం పుట్టినప్పటి నుంచీ అంటున్నట్టే. అంటే ఆ అచ్చుల మట్టుకు, టెక్కలి గవర్నమెంటు స్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషే లీడ్స్ ముసలాయనకి దగ్గర. దాన్ని వదిలించుకోవడానికి 9 వేలు కట్టాం.

తర్వాతి వారం మేడమ్‌ని అడిగితే "అది స్లాంగ్ అమ్మా, టెస్ట్‌లో ఇదే కరెక్ట్" అన్నారు. టెస్ట్‌లోనూ కాదు. ఓఈటీ స్పీకింగ్‌లో చూసేది నీ మాట ఎదుటివాడికి ఇబ్బంది లేకుండా అర్థమవుతోందా అన్నది. నువ్వు బీబీసీ మనిషిలా ఉన్నావా అని కాదు. మేడమ్ నేర్పే ఆ ఒక్క రకం యాసని పుట్టుకతో మాట్లాడేవాళ్లు బ్రిటన్ మొత్తం మీద నూటికి ముగ్గురే అని భాషాశాస్త్రవేత్తల పాత అంచనా. మిగతా తొంభై ఏడు మందే కదా రేపు మన వార్డులో పడుకునేది.

ఇందులో నాకు కొత్తగా తెలిసింది ఒకటుంది. 'కుప్' అనేది చెడిపోయిన 'కప్' కాదు. అసలు 'పుట్' లోని ఉ, 'కప్' లోని అ ఒకప్పుడు ఒకటే. 17వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండ్‌లో రెండుగా చీలాయి. ఆ చీలిక ఉత్తరానికి పోలేదు. 'బాత్' సాగడం కూడా దక్షిణం వాళ్లు ఆ తర్వాత తెచ్చుకున్న అలవాటే. అంటే ఉత్తరం వాళ్లు పాతదాన్ని పట్టుకుని ఉన్నారు, మారింది లండన్ వైపు వాళ్లు. కానీ డబ్బూ, పార్లమెంటూ, రేడియో లండన్‌లో ఉండడంతో మారినవాళ్లదే కరెక్ట్ అయి కూర్చుంది. ఈ కథ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. సినిమాలో మన ఉత్తరాంధ్ర మాట ఎవరి నోట పెడతారో, ఎన్ని ఏళ్లుగా పెడుతున్నారో అందరికీ తెలుసు.

రేడియో అంటే సర్ చెప్పిన ఒక సంగతి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1941లో, బీబీసీ వాళ్లు విల్‌ఫ్రెడ్ పికిల్స్ అని హాలిఫాక్స్‌లో పుట్టిన యార్క్‌షైర్ ఆయన్ని తెచ్చి దేశమంతటికీ వార్తలు చదివించారు. జర్మన్లు దొంగ వార్తలు చదవాలనుకుంటే ఈ యాసని అనుకరించడం కష్టమని ఒక కారణం చెప్తారు. ఆయన చివర్న 'గుడ్ నైట్' అనకుండా 'గుడ్ నీట్' అనేవాడు. శ్రోతలు ఊరుకోలేదు. ఆ గొంతుతో చదివితే వార్త నిజంలా లేదని ఫిర్యాదులు పోయాయి. ఫిర్యాదు చేసినవాళ్లలో ఉత్తరం వాళ్లు కూడా ఉన్నారట. నాకు ఆ చివరి ముక్కే గుచ్చుకుంది.

ఇప్పుడు రెండో ముక్క, డబ్బులు గిట్టుబాటైన ముక్క.

సర్‌కి యాభై దాటి ఉంటాయి. వెనకాల గోడకి ఎరుపు తెలుపు చారల ఫుట్‌బాల్ చొక్కా ఒకటి వేలాడుతూ ఉంటుంది. మొదటి రోజు మా బ్యాచ్‌లో ఒక బ్రదర్ ఇంటర్నెట్‌లో చూసి వచ్చి, తెలివిగా, "సర్, మీరు జార్డీ కదా" అన్నాడు. ఆయన కుర్చీలోంచి సగం లేచారు. జార్డీ అంటే న్యూకాసిల్ వాళ్లు. సండర్లాండ్ వాళ్లు మాకెమ్‌లు. రెండు ఊళ్ల మధ్య దూరం 20 కిలోమీటర్ల లోపే, మన కాంప్లెక్స్ నుంచి కూర్మన్నపాలెం వెళ్లినంత. మెట్రో రైలు కూడా ఉంది. అయినా న్యూకాసిల్ వాళ్లు 'హౌవే' అని అరిస్తే వీళ్లు 'హావే' అని అరుస్తారు. రెంటికీ అర్థం 'కానీ, పద' అనే. ఆ ఒక్క అచ్చు తేడాకి స్టేడియంలో కొట్టుకునేంత పని. "సండర్లాండ్ వార్డులో పేషెంటుని జార్డీ అంటే బీపీ మీరే పెంచినవాళ్లవుతారు" అన్నారాయన. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, ఇదొక్కటే 2 వేలు చేస్తుంది.

'మాకెమ్' ఎక్కడిదంటే, ఓడలు కట్టే యార్డుల నుంచి వచ్చిందని ఒక కథ. అక్కడ 'మేక్' ని 'మాక్' అంటారు, 'ఎమ్' అంటే వాటిని. ఓడలు చేసేవాళ్లు వీళ్లు, తీసుకుపోయేవాళ్లు వేరే. సండర్లాండ్ ఒకప్పుడు ఓడలకి ప్రపంచంలోనే పేరు మోసిన ఊరు. చివరి యార్డుల మూత 1988లో పడింది. బొగ్గు గని ఒకటి ఊళ్లోనే ఉండేది, అది 1993లో మూసేశారు. దాని మీదే ఇప్పుడు ఫుట్‌బాల్ స్టేడియం. సర్ వాళ్ల నాన్న యార్డులో వెల్డర్. ఇది విని మా బ్యాచ్‌లో సింధియా నుంచి వచ్చే అమ్మాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్ల, "మా తాతయ్య, నాన్న ఇద్దరూ ఇక్కడి షిప్‌యార్డే సర్" అంది. ఆ రోజు సిలబస్ ముందుకి కదలలేదు. ఆయన అడగడం, ఆ పిల్ల చెప్పడం, మధ్యలో రివెట్లు, క్రేన్లు, చెవుడు. యార్డులో చేసినవాళ్లకి చెవుడు వస్తుంది కదా, ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడడం అలవాటవుతుందట. మా సింధియా పిల్ల టేబుల్ మీద చరిచి మరీ ఒప్పుకుంది.

నర్సు పనికి సూటిగా పనికొచ్చేవి కూడా ఈ క్లాసుల్లోనే దొరికాయి. ఒకటి, తిండి వేళలు. అక్కడ మామూలు జనానికి 'డిన్నర్' అంటే మధ్యాహ్న భోజనం. 'టీ' అంటే సాయంత్రం ఐదారింటికి తినే భోజనం. టీ కాదు, నిజంగా భోజనమే. లీడ్స్‌లో చేస్తున్న మా సీనియర్ అక్క వాట్సాప్‌లో ఇదే చెప్పింది. షుగర్ పేషెంటుని రాత్రి ఏడింటికి "డిన్నర్ అయిందా" అని అడిగితే "పన్నెండుకే అయింది" అన్నాడట. అక్క గుండె గుభేల్మంది, ఇన్సులిన్ పడింది, మనిషి పొద్దుటి నుంచి తినలేదనుకుని. పక్కన ఖాళీ ప్లేటు చూసింది కాబట్టి సరిపోయింది. మాత్ర 'టీ తర్వాత వేసుకున్నాను' అంటే ఏ పూటో మీరు తెలుసుకుని ఉండాలి.

రెండోది యార్క్‌షైర్‌లో 'వైల్'. మనకి 'వైల్' అంటే 'అవుతుండగా'. వాళ్లకి 'వరకు' కూడా. 'నైన్ వైల్ ఫైవ్' అంటే తొమ్మిది నుంచి ఐదు వరకు. ఆపరేషన్ పేషెంటు దగ్గర 'నథింగ్ టు ఈట్ వైల్ సిక్స్' అని ఎవరైనా అంటే ఆరు దాకా పచ్చి మంచినీళ్లు తప్ప... కాదు, అవి కూడా ఇవ్వాలో వద్దో ఛార్టు చూసుకోండి. మూడోది 'ద'. యార్క్‌షైర్ వాళ్లు దాన్ని పూర్తిగా పలకరు, గొంతులో చిన్న పట్టు పట్టి వదిలేస్తారు. అది వినడానికి చెవి అలవాటు పడాలంతే. నాకు మూడు వారాల దాకా అందలేదు, ఆ తర్వాత ఒకరోజు క్లాసు మధ్యలో ఉన్నట్టుండి అందింది.

చెవి 'లుగ్', చంక 'ఆక్‌స్టర్', వేల్లో దిగిన పేడు 'స్పెల్క్', పిల్లలు 'బేర్న్స్'. ఒంట్లో బాలేదంటే 'పూర్లీ'. ఇల్లుని న్యూకాసిల్ వైపు పాతవాళ్లు 'హ్యెమ్' అంటారు, నార్వేలో ఇప్పటికీ 'యెమ్' అనే అంటారు. 866లో వైకింగులు యార్క్ పట్టుకున్న దగ్గర్నుంచీ ఆ భాష ఈ ప్రాంతంలో దిగబడిపోయింది. లివర్‌పూల్ మాట మళ్లీ వేరు. 1840లలో ఐర్లండ్ కరువు వచ్చి జనం పడవలెక్కి అక్కడ దిగారు, ఆ రాగం కలిసిపోయింది. వాళ్ల 'క' చాలాచోట్ల ఉర్దూ 'ఖ' లా గొంతులోంచి వస్తుంది. హల్ వెళ్లేవాళ్లు 'ఫోన్ కాల్' అనేది 'ఫర్న్ కాల్' లా వినబడితే కంగారు పడకండి. మాంచెస్టర్‌కి ఒకే క్లాసు, అది తేలిపోయింది.

పాత జోకు ఒకటి చెప్పారు సర్. డాక్టరు మోకాలికి కట్టు కట్టి "ఇప్పుడు వోక్ చెయ్యగలవా" అన్నాడట. న్యూకాసిల్ ముసలాయనకి కోపం వచ్చింది: "వోకా? వాకే చెయ్యలేకపోతుంటే!" పాత జార్డీ మాటలో 'వాక్' అంటే నడవడం, 'వోక్' అంటే పని. డాక్టరు దక్షిణం మనిషి, నడవమన్నాడు. ఈయన పనికి పొమ్మన్నాడనుకున్నాడు. మేమంతా నవ్వాం గాని, ఫిజియోథెరపీ వార్డుకి పోయే బ్రదర్ ఒకడు నోట్‌బుక్‌లో సీరియస్‌గా రాసుకున్నాడు.

నొప్పి గురించి చెప్పిన క్లాసు అన్నింటికంటే గట్టిది. గనుల్లో, యార్డుల్లో, మిల్లుల్లో చేసిన తరం వాళ్లు నొప్పి పదికి ఎంత అని అడిగితే అంకె చెప్పరట. 'నాట్ టూ బ్యాడ్' అంటారు. 'అంత బాధేం లేదు' అన్నమాట. అది రెండూ కావచ్చు, తొమ్మిదీ కావచ్చు. మొహం చూడు, చేతులు చూడు, చెమట చూడు, అంకె నమ్మకు అన్నారు. నాకు వెంటనే మా ఐసీయూకి వచ్చిన పలాస రైతు గుర్తొచ్చాడు. పొలం నుంచి బస్సెక్కి, కాంప్లెక్స్‌లో దిగి, ఆటో బేరమాడి వచ్చాడు. "ఏటీ నేదు తల్లీ, కూసింత గేసు" అన్నాడు. ఈసీజీలో పెద్ద అటాక్. ఇలాంటి మనుషుల్ని చూసిన నర్సుకి అక్కడి ముసలాళ్లు కొత్త కాదు. దీన్ని సిలబస్‌లో ఎవరూ పెట్టలేదు, సర్ సొంతంగా చెప్పారు.

పిలుపుల సంగతి కూడా చెప్పాలి. న్యూకాసిల్ వైపు 'పెట్', 'హిన్నీ', యార్క్‌షైర్‌లో 'లవ్'. అంటే 'లువ్'. బస్సు డ్రైవరు, కొట్టువాడు, పేషెంటు, అందరూ అంటారు. షెఫీల్డ్‌లో మగవాడు మగవాణ్ణి కూడా 'లవ్' అంటాడు. మా బ్యాచ్‌లో మలయాళీ అమ్మాయి, "పేషెంట్ లవ్ అంటే కంప్లైంట్ రాయాలా" అని అడిగింది. మంచి ప్రశ్నే. సర్ నవ్వలేదు. గొంతు, చూపు, చెయ్యి ఎక్కడుంది అన్నవి చూసి నీకే తెలుస్తుంది, తేడాగా ఉంటే తప్పకుండా రాయి అన్నారు. మనవైపు పెద్దాళ్లు ముక్కూ మొహం తెలీని నర్సుని 'తల్లీ', 'బావూ' అనరూ, అలాగే.

ఒకసారి క్లాసు మధ్యలో ఆయన ఫోన్ మోగింది. వాళ్లమ్మ. మైక్ ఆపడం మర్చిపోయారు. "అయ్, మామ్" అని మొదలుపెట్టి ఒక నిమిషం మాట్లాడారు. అన్నాళ్లుగా ఆయన మాట వింటున్న మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, 'మీ టీ' (అంటే 'నా భోజనం') అన్నది తప్ప. అంటే మాకు ఇన్నాళ్లూ వినిపిస్తున్నది ఆయన వడపోసి, నెమ్మది చేసి ఇచ్చిన మాట. ఫోన్ పెట్టేసి ఎర్రబడ్డారు. "అది అసలుది, ఇది టెలిఫోన్ వాయిస్" అన్నారు. సరిగ్గా అదే రాత్రి డ్యూటీకి ముందు మా అమ్మ ఫోన్. "ఏటే, బువ్వ తిన్నావేటి?" "తినీసినానమ్మా, డూటీకి ఎల్తన్నాను, బేగి సెప్పు." వార్డు గుమ్మం దాటగానే 'తినేశాను, వెళ్తున్నాను' లోకి దిగిపోయాను. డ్రస్సింగ్ రూమ్‌లో గుంటూరు సిస్టర్ విని నవ్వింది. నవ్వనీ.

చదువుకునే రోజుల్లో నవ్వనీ అనుకునే ధైర్యం లేదు. కాలేజీలో మొదటి సంవత్సరం మా శ్రీకాకుళం పిల్లలం లాబ్ వైవాలో 'చ' బదులు 'స' వస్తుందేమోనని నోరు మూసుకున్నాం, తెలిసిన జవాబు కూడా చెప్పలేదు. ఇంగ్లండ్‌లో కూడా ఇదే ఉందని సర్ చెప్పినప్పుడు మొదట నమ్మలేదు, తెల్లవాళ్లకేం బాధ అనుకున్నాను. డర్హమ్ ఉత్తరంలో ఉన్న ఊరు, చుట్టూ ఒకప్పటి బొగ్గు గనులు. ఆ యూనివర్సిటీలో చదివే ఉత్తరం పిల్లల్నే దక్షిణం నుంచి వచ్చినవాళ్లు యాస మీద వెక్కిరిస్తున్నారని 2020లో అక్కడి స్టూడెంట్ ఒకామె అనుభవాలన్నీ పోగేసి రిపోర్టు రాసింది. వాళ్ల జిల్లాలో వాళ్లే పరాయివాళ్లు. అక్కడి 2010 సమానత్వ చట్టంలో జాతి, మతం, వయసు, అంగవైకల్యం లాంటివి తొమ్మిది రాశారు, వాటి పేరుతో వివక్ష చూపిస్తే చట్టవిరుద్ధం. యాస ఆ తొమ్మిదిలో లేదు.

అలాగని ఉత్తరం వాళ్లంతా పాపం పుణ్యం తెలియనివాళ్లని అనుకోనక్కర్లేదు. యార్క్‌షైర్ గురించి మా క్రికెట్ బ్రదర్ చెప్పాడు, సర్ ఒప్పుకున్నారు. యార్క్‌షైర్ గడ్డ మీద పుట్టినవాడే ఆ కౌంటీకి ఆడాలని కట్టుబాటు ఉండేది. 1992లో సడలించి బయటి దేశం నుంచి మొట్టమొదట తెచ్చుకున్నది మన సచిన్‌నే. అంతకు ముందు తరతరాలుగా ఆ ఊళ్లలో ఉంటున్న పాకిస్తాన్, ఇండియా కుటుంబాల పిల్లలకి ఆ టీమ్ తలుపు తెరుచుకోలేదు. యార్క్‌షైర్ పాత క్రికెటర్ జెఫ్రీ బాయ్‌కాట్ కామెంటరీలో 'రబిష్' ని 'రుబిష్' అంటుంటే మనం ముచ్చటపడ్డాం గాని, ఆ అభిమానానికి ఇంకో మొహం కూడా ఉంది. మనమేం తక్కువా? వైజాగ్ వాళ్లు మమ్మల్ని నవ్వుతారు, మేము ఒడియా కలిసిన ఇచ్ఛాపురం మాటని వెక్కిరిస్తాం. వాళ్లు ఎవర్ని వెక్కిరిస్తారో కనుక్కోవాలి.

ఇక చిల్లర సంగతులు. ఏసీ పనిచేస్తుంది. టీవీ స్పీకరు అధ్వానం, 'లిజనింగ్' కోర్సుకి ఆ స్పీకరు పెట్టడం ఏం తెలివో తెలీదు. ముందు వరసలో కూర్చోండి, లేదా రికార్డింగ్‌ని ఇంట్లో ఇయర్‌ఫోన్‌తో మళ్లీ వినండి. రికార్డింగులు కొన్నాళ్లకి లింక్ ఆగిపోతాయి, ముందే అడిగి పెట్టుకోండి. ఇచ్చే పీడీఎఫ్ ఎక్కడో నెట్‌లో దించింది, అందులో 'బ్రిటిష్ యాస' అంటే ఒక్కటే. సర్ సొంతంగా వినిపించేవి మాత్రం బంగారం. లీడ్స్ యూనివర్సిటీ వాళ్లు 1950 నుంచి 1961 వరకు ఇంగ్లండ్‌లో 313 ఊళ్లు తిరిగి పల్లెటూరి ముసలివాళ్ల మాటలు రాసుకున్నారు, కొన్ని రికార్డు చేశారు. అందులో ఒక రైతు మాట వినిపించి ఏం అర్థమైందని అడిగారు. ఏమీ కాలేదన్నాం. "నాకూ సగమే" అన్నారు. ఆ తర్వాత మాకు భయం పోయింది.

నైట్ డ్యూటీ వాళ్లకి క్లాసు మార్చుకోనిస్తారు, అది మెచ్చుకోవాలి. సగంలో మానేస్తే రీఫండ్ లేదు. చివర్న బంగారు అంచు సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని ఏ ఆసుపత్రీ అడగదు.

మీరు చేరితే ఇలా చెయ్యండి. మొత్తం కోర్సు కట్టకండి. 'నార్త్ లిజనింగ్' ఒక్కటే 9 వేలకి ఇస్తారు, బోర్డు మీద రాయరు, అడిగితే కాసేపు గునిసి ఒప్పుకుంటారు. నా తర్వాత చేరిన ఇద్దరికి ఇచ్చారు. 'యాస సవరణ' కి మిగిలిన డబ్బుతో మంచి చలికోటు కొనుక్కోండి. ఇంకోటి, ఆదివారం బ్యాచ్ అడగండి. శనివారం మన రాత్రి ఏడున్నర, ఎనిమిదిన్నరకి అక్కడ ఫుట్‌బాల్ మొదలవుతుంది. సండర్లాండ్ మ్యాచ్ ఉన్న వారం సర్‌కి నెట్ కనెక్షన్ పోతుంది.